కుట్టు మీద చెయ్యి

ఎడమ చెయ్యి కట్టు మీద పెట్టుకుని పడుకున్నాను. తీయను. నాలుగు కాగానే గేటు తీస్తారు, చూడవచ్చేవాళ్లంతా సంచులూ సీసాలూ పట్టుకుని లోపలికి పడతారు, వాళ్లలో వాడూ వస్తాడు. పొద్దున కూతురు చెప్పింది. "నాన్నా, మామయ్య వస్తానన్నాడు. నువ్వేం అనకు," అంది. అనకు అట. ఇన్నేళ్లూ ఏం అనకుండా ఉన్నానో తెలిస్తే కదా దానికి. వాళ్లమ్మ పోయినప్పట్నుంచి ఆవిడ తమ్ముడితో నేను మాట కలపలేదు. వీధిలో ఎదురుపడితే తల తిప్పుకున్నాను, ఇంటికి వస్తే పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. మొదట్లో జనం దుఃఖం అనుకున్నారు. తర్వాత పొగరు అనుకున్నారు. ఏదో ఒకటి అనుకోనీ. ఇవాళ మాత్రం చెప్తాను. కడుపు కోసి కుట్టారు, ఎన్నాళ్లుంటానో నాకే తెలీదు, వాడేమో ఊరంతా పలకరించుకుంటూ తిరుగుతున్నాడు. మీ అక్కని చంపింది నువ్వేరా అని మొహం మీద చెప్తాను. చెప్పాక ఆ మొహం ఎలా మారుతుందో చూస్తాను. ఆ ఒక్కటీ చూడాలి. పెళ్లానికిచ్చిన మాట తప్పినట్టే అవుతుంది. అవనీ. మాట తీసుకున్న మనిషి లేదు, అడగడానికి రాదు.

పైకప్పు మూల తడి మరక ఉంది. దాని మీద ఎవడో తెల్లరంగు పూసి వెళ్లాడు. పనిదొంగ. తడి ఎక్కణ్నుంచి వస్తోందో చూడకుండా పైపైన పూస్తే లోపల కుళ్లుతుంది. ముందు బుడగలా ఉబ్బుతుంది, వేలు పెడితే మెత్తగా ఉంటుంది, ఒకరోజు పెళ్లలా ఊడి ఎవడి నెత్తినో పడుతుంది. నా నెత్తినే పడేట్టుంది, సరిగ్గా నా మంచం పైనే ఉంది. తాపీ పట్టి బతికినవాణ్ణి, ఎక్కడ పడుకున్నా గోడలే కనిపిస్తాయి. ఆవిడ నవ్వేది, చుట్టాలింటికి తీసుకెళ్తే మనుషుల్ని పలకరించవు, గోడల్ని పలకరిస్తావు అని. గోడ అబద్ధం చెప్పదు. పొడిగా ఉంటే నిలబడుతుంది, తడి పట్టిందంటే పోతుంది. ఆవిడ పొట్ట మీద కుట్టు కూడా అలాగే అయింది. చుట్టూ ఎర్రగా ఉబ్బి, వేలు పెడితే మెత్తగా. దాని మీద జిడ్డు. నల్లగా, కర్పూరం వాసనతో. ఆ వాసన నాకు తెలియనిదా.

"మళ్లీ పెట్టారా చెయ్యి?"

సిస్టరు. ఈ పిల్ల అడుగుల చప్పుడు వినపడదు, మీదికొచ్చాక గొంతే వినపడుతుంది. చెయ్యి తీసి పక్కన పెట్టాను. ఆ చెయ్యి పట్టుకుని తిరగేసి చూసింది. "ఇవి చేతులా, ఎండిపోయిన చేనా? ఈ పగుళ్ల నిండా ఏముంటుందో తెలుసా మీకు? మీరు కట్టుకి కాపలా కాస్తున్నారా, లోపలికి దారి చూపిస్తున్నారా?" నా కట్టు, నా చెయ్యి అన్నాను. "కుట్టింది మేము. రేపు చీము పడితే మీ కూతురు తిట్టేది మమ్మల్ని. తీసేదాకా దాన్ని మర్చిపోండి. చేతులకి ఏదైనా రాసుకోండి ముందు," అని కాగితం మీద ఏదో గీసుకుంటూ పక్క మంచం వైపు తిరిగింది. పక్క మంచంలో లారీ డ్రైవరు. పనిలోంచి దిగిపోయి చాలాకాలమైనా వాడి గొంతు ఇంకా హారను లాగే ఉంటుంది. వాడికి అపెండిసైటిస్ కోశారు. చూడవచ్చిన ప్రతివాడికీ ప్లాస్టరు పైకి లేపి కుట్టు చూపించడం వాడి సరదా. నిన్న కుట్టు చివర తడి వచ్చింది. సిస్టరు వాడి మీద పడింది. "పొయ్యి మీద గిన్నె అనుకున్నారా, ఉడికిందో లేదో మాటిమాటికీ మూత తీసి చూడ్డానికి?" "నా కుట్టు నేను చూసుకోకూడదా సిస్టరమ్మా?" "చూసుకోండి. మానాక. అద్దం తెచ్చిస్తాను." డ్రైవరు నవ్వబోయి, నవ్వితే కుట్టు లాగి, మూలిగాడు.

ఆ పిల్ల వెళ్లగానే చెయ్యి మళ్లీ పెట్టాను. ఊరిబడిలో పంతులు గుర్తొచ్చాడు. పొద్దున్నే వరసలో నిలబెట్టి చేతులు చూపించమనేవాడు, గోళ్లలో మట్టి ఉంటే బెత్తంతో గోళ్ల మీదే కొట్టేవాడు. నా బడి అక్కడితో సరి, చదువు ఎంత వచ్చిందో గానీ చేతులు కడుక్కోవడం మాత్రం వచ్చింది. కడిగి ఏం లాభం, సున్నం తినేసింది. ముందు తోలు గట్టిపడుతుంది, తర్వాత చీలుతుంది, చీలికలోకి సిమెంటు దూరుతుంది, అన్నీ కలిసి రాత్రికి మంట. కొత్తగా కాపురానికొచ్చిన ఆవిడ నా చేతులు చూసి భయపడలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టెలోంచి డబ్బా తీసింది. వాళ్ల నాన్న చేసే మలాం. మైనం, ఆముదం, కర్పూరం, ఇంకేదో ఆకు మాడ్చిన మసి, ఇనప మూకుట్లో కలిపి నల్లగా దించుతాడు. చేతులు పగిలినవాళ్లు, మడమలు పగిలినవాళ్లు, బట్టలుతికేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, అందరూ ఆయన దగ్గరికే. ఆయన పోయాక కొడుకు చేతికొచ్చింది. నా బావమరిది. పేరుతో ఎవరూ పిలవరు వాణ్ణి, మలాం అంటేనే పలుకుతాడు. తల్లి లేని పిల్లాడని ఆవిడే చంకనేసుకుని పెంచింది. వాడు తప్పటడుగులు వేసేటప్పుడు ఈవిడకి ఎనిమిదో తొమ్మిదో. వాడు తెచ్చిన డబ్బా ఎప్పుడూ మా ఇంట్లో దీపం పక్కన ఉండేది. పని నుంచి వచ్చి స్నానం చేసి కూర్చుంటే, ఆవిడ నా అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి మొదట్లోంచి చిటికెనవేలి దాకా ఏటవాలుగా లాగేది. మాట్లాడేది కాదు. లాగి లాగి, చీలిక దగ్గర ఆగి, ఊదేది. మలాం మంచిదే. ఆ సంగతి నేను ఏనాడూ కాదనలేదు. పగిలిన తోలుకి మంచిది. ఆవిడ పోయాక ఇంట్లో ఆ డబ్బా తీసి పెంటలో పారేశాను. అప్పట్నుంచి చేతులకి ఏమీ రాయలేదు. పగిలితే పగలనీ.

ఆవిడకి రాళ్లు అన్నాడు అప్పటి డాక్టరు, పిత్తాశయంలో రాళ్లు, కోసి తీసేయాలి. ఆవిడ బయటికొచ్చి నవ్వింది. "ఇన్నాళ్లూ నువ్వొక్కడివే రాళ్లు మోస్తున్నావనుకున్నాను. చూశావా, నేనూ మోశాను, కూలీ లేకుండా." ఆపరేషన్ బాగానే అయింది. కుడిపక్కన డొక్క కింద జానెడు కోత, వరసగా కుట్లు, మీద తెల్లటి కట్టు. ఇంటికి పంపుతూ చెప్పారు, తడపొద్దు, ముట్టుకోవద్దు, ఏమీ రాయొద్దు, మళ్లీ మేమే విప్పుతాం. విన్నాను. ఆవిడా విన్నది. నాకు దూరంగా గోదాము పని ఉంది, పునాదులు పైకి లేచాయి, మేస్త్రి లేకపోతే పని ఆగుతుంది. కూతుర్ని తోడుంచి వెళ్లాను. నేను వెళ్లాక వాడు వచ్చాడు. అక్కకి కోత పెట్టారు, తమ్ముడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా. వాళ్లింట్లో పిల్లాడు పడ్డా మలాం, గొడ్డుకి కాడి ఒరుసుకున్నా మలాం, తేలు కుట్టినా మలాం. కూతుర్ని మందుల కొట్టుకి పంపి, కట్టు అంచు మెల్లగా లేపి, వేలితో తీసి రాశాడు. ఒకసారి కాదు. వచ్చినప్పుడల్లా. రాసి మళ్లీ అదే కట్టు అతికించాడు. ఎంత ప్రేమ. ప్రేమ ఉన్నవాడి చెయ్యి ఎంత మురికిగా ఉంటుందో ఎవడూ చూడడు. ఆవిడ వద్దనలేదు. చంకలో మోసిన పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుని మందు రాస్తుంటే వద్దని ఎలా అంటుంది. అందామని నోరు తెరిచిందేమో. తెరిచి మూసుకుందేమో. ఇది నేను చూడలేదు. కానీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పొద్దున లేవగానే చూస్తాను, ఇటుక మీద ఇటుక పెడుతూ చూస్తాను, కంచం ముందు కూర్చుని చూస్తాను. రోజూ ఆ కట్టు అంచు లేపి చూస్తాను. వాడి వేలు, ఆవిడ మూసిన కళ్లు.

కబురు అంది నేనొచ్చేసరికి జ్వరం కాలిపోతోంది. ఆసుపత్రిలో కట్టు విప్పిన డాక్టరు మొహం తిప్పుకుని, "ఏం రాశారిక్కడ? ఎవరు రాశారు?" అని అరిచాడు. అరుపు వరండా దాకా వినపడింది. నేను మంచం పక్కనే ఉన్నాను. నాకు కర్పూరం వాసన అందింది, అరుపు అక్కర్లేదు. అందరూ వెళ్లాక ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇదే చెయ్యి. నాలుక ఎండిపోయి మాట ముద్దగా వస్తోంది. "తమ్ముడు రాశాడు. వాడికి చెప్పకు, దీనివల్లే అని చెప్పకు. వాడు బతకడు. చేతిలో చెయ్యి వెయ్యి." వేశాను. చస్తూ కూడా తమ్ముడే. నాకోసం ఏం అడిగింది? వేళకి తినమని కూడా అనలేదు. వాడి కోసం నా నోరు కట్టేసి పోయింది.

ఈ ఆపరేషన్‌కి ముందు కుర్ర డాక్టరు ఒకడు వచ్చి ఏవైనా అడగాలా అన్నాడు. నేనడిగాను, కుట్టు మీద ఏం రాస్తారు అని. "మూసిన కుట్టుకి రాయడానికేం లేదండి. కోసే ముందే చర్మం మందుతో శుభ్రం చేస్తాం, సూది మందు ఇస్తాం, తర్వాత పొడిగా కట్టేస్తాం. మిగతాది ఒళ్లే చూసుకుంటుంది, ఎవరూ అడ్డం రాకపోతే." అప్పుడు ఆవిడ సంగతి చెప్పాను, పేర్లు లేకుండా, ఎవరిదో అన్నట్టు. వాడు అంతా విని, "ఆవిడకి షుగర్ ఉందా?" అన్నాడు. ఉంది అన్నాను. "అయితే ఆ మలాం వల్లే అని చెప్పలేమండి. రాయకుండా ఉండాల్సింది, అది నిజం. షుగర్ ఉన్నవాళ్లకి ఎవరూ ఏమీ రాయకపోయినా ఒక్కోసారి కుట్టు చెడుతుంది." నాకు ఒళ్లు మండింది. చెప్పలేమండి అట. ఇన్నేళ్లుగా నేను చెప్పగలుగుతున్నాను కదా. వాడి చదువు వాడి దగ్గరుంచుకోమను. చెప్పలేమంటే నేనేం పట్టుకుని బతకాలి?

గంట కొట్టారు. గేటు తీశారు. చెప్పుల చప్పుడు, మూతల చప్పుడు, ఎవరో పిల్ల ఏడుపు. డ్రైవరు దగ్గరికి వాడి పెళ్లాం వచ్చింది, వస్తూనే "ఏదీ చూడనీ" అంది, "సిస్టరు చంపేస్తుంది" అన్నాడు వాడు, "నేను చంపనా" అందావిడ. వాళ్ల పిల్లలా ఉంది ఒకామె, నవ్వుతోంది. నవ్వండి. నేను గుమ్మం వైపు చూస్తున్నాను. చెయ్యి కింద కట్టు గట్టిగా, పొడిగా తగులుతోంది. ఏమనాలో వరసగా పెట్టుకున్నాను. ముందు కూర్చోమనను. పలకరింపు లేదు. నువ్వు రాసిన మలామే అంటాను. డాక్టరు అరిచాడు అంటాను. మీ అక్క చెప్పొద్దంది, అందుకే ఇన్నాళ్లు ఊరుకున్నాను అంటాను. అది చివర్లో అనాలి. అదే బాగా దిగుతుంది.

వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది. నేను చూడకుండానే ముసలాడైపోయాడు. చొక్కా జేబు డబ్బా బరువుకి కిందికి వేలాడుతోంది. దగ్గరికి రాకముందే వాసన వచ్చింది. కర్పూరం. ఈ వార్డులో ఇన్ని మందుల వాసనల మధ్య ఆ ఒక్కటే వచ్చి నా గొంతులో కూర్చుంది. కుడి చెయ్యి కూడా తెచ్చి ఎడమ చెయ్యి మీద పెట్టాను. వాడు చూశాడు. కట్టుని, నా చేతుల్ని. మంచానికి కాస్త ఎడంగా ఆగిపోయాడు.

"బావా," అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఈలోపు డ్రైవరు.

"ఓయ్, మలాం! నువ్వేనా? నా మడమలు బాగయ్యాయంటే నీ పుణ్యమేనయ్యా. సమయానికొచ్చావు. ఇదిగో ఈ కుట్టు చివర తడి పోవడం లేదు, నీ డబ్బాలోంచి కాస్త వేలికి తీసి పెట్టు. సిస్టరు అటు వెళ్లింది."

"రాయను," అన్నాడు మలాం.

"అదేంటయ్యా, ఊరికే వద్దులే, ఇస్తాన్లే..."

"కుట్టు మీద రాయను. కోత మీద రాయను. ఎవరికీ రాయను." గొంతు పెరిగింది. డ్రైవరు పెళ్లాం తలెత్తి చూసింది. "దీన్ని పగుళ్లకే వాడాలి. దాన్ని ముట్టుకోకు నువ్వు, ఆ అమ్మాయిని పిలిచి చూపించు. తడి వచ్చిందంటే ఇప్పుడే చూపించు, రేపటిదాకా ఆగకు. వెళ్లమ్మా, నువ్వెళ్లి పిలుచుకురా."

డ్రైవరు బిత్తరపోయాడు. "అమ్మేవాడివే ఇలా అరిస్తే ఎలాగయ్యా," అని గొణిగాడు, కానీ వాడి కూతురు లేచి సిస్టరు కోసం వెళ్లింది. మలాం జేబులోని డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను చూశాను. వరసగా పెట్టుకున్న మాటలు వరసలోంచి జారిపోయాయి. వీడికి తెలుసు. తెలియనివాడు ఇలా అరవడు.

"నీకు తెలుసా?" అన్నాను. ఇన్నేళ్లలో వాడితో నేనన్న మొదటి మాట.

వాడు స్టూలు లాక్కోలేదు. నిలబడే ఉన్నాడు. "డాక్టరు అరిచినప్పుడు నేను వరండాలోనే ఉన్నాను బావా."

"నువ్వూ ఉన్నావా అక్కడ?"

"తర్వాత లోపలికి పిలిచింది అక్క. నువ్వు మందుల కోసం వెళ్లావు. మీ బావకి తెలీదు, చెప్పకు, చెప్తే నిన్ను చంపి జైలుకి పోతాడు, పిల్ల ఒంటరిదైపోతుంది, చేతిలో చెయ్యి వెయ్యి అంది. వేశాను. నువ్వు మాట్లాడకపోతే, ఎలాగో తెలిసిపోయిందేమో అనుకునేవాణ్ణి. అడగడానికి భయమేసింది. అడిగితే చెప్పాలి కదా."

నా చేతిలోనూ చెయ్యి వేయించుకుంది, వాడి చేతిలోనూ. ఇటు నా నోరు, అటు వాడి నోరు, రెండూ మూసి, మీద గట్టిగా కట్టు కట్టి పోయింది ఆ మహాతల్లి. జ్వరంతో నాలుక తిరక్కపోయినా ఇంత పని చేసింది. ఎవరూ లేపి చూడకపోతే అదే మానుతుందనుకుంది కాబోలు. నేను రోజూ లేపి చూశాను. మాననివ్వలేదు. వాడేం చేశాడో వాడికే తెలియాలి. వాడి మొహం చూడాలనుకున్నాను కదా, చెప్పాక ఎలా మారుతుందో. మారేదేం లేదు. ఆ మొహం అప్పట్నుంచీ అలాగే ఉంది. నేనే ప్రతిసారీ తల తిప్పుకున్నాను, కనపడలేదు.

షుగర్ సంగతి చెప్పొచ్చు. కుర్ర డాక్టరు అన్న మాట, చెప్పలేమండి అన్న మాట. చెప్తే వీడికి కాస్త ఊపిరి ఆడుతుందేమో. నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. అంత మంచివాణ్ణి కాదు నేను. ఇవాళ్టికి కాదు.

సిస్టరు వచ్చి డ్రైవరు మంచం చుట్టూ తెర లాగింది. లోపల్నుంచి గొంతు, "ఎన్నిసార్లు చెప్పానండీ మీకు." తెర పక్కకి తొలగించి తల బయట పెట్టి, మలాం జేబు వైపు, డబ్బా వైపు చూసింది. "అదేంటి?"

"చేతులకమ్మా. పగుళ్లకి. బావ చేతులు చూడు."

"చేతులకైతే రాయండి, ఆయనకి చెప్పి చెప్పి నా నోరు పోయింది. రాశాక ఆ చేతులు పక్కనే ఉండాలి. కట్టు మీదికి వచ్చాయో, ఇద్దర్నీ బయటికి పంపిస్తాను." తల లోపలికి వెళ్లిపోయింది.

వాడు బయటికి వెళ్లి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు. మోచేతుల దాకా కడిగాడు, నీళ్లు కారుతున్నాయి. అడ్డదిడ్డంగా కడగలేదు, గోళ్ల కిందా, వేళ్ల సందుల్లోనూ కడిగినట్టు కనిపిస్తోంది. మా పంతులు కూడా వంక పెట్టలేడు. స్టూలు మీద కూర్చుని మూత తీశాడు. నేను పిలవలేదు, రమ్మనలేదు. కుడి చెయ్యి దానంతట అదే వెళ్లి వాడి మోకాలి మీద ఉంది. బొటనవేలి మొదట్లోంచి చిటికెనవేలి దాకా, ఏటవాలుగా లాగాడు. చీలిక దగ్గర ఆగాడు. ఒకే నాన్న దగ్గర నేర్చుకున్న ఇద్దరి చేతులు. నేను పైకప్పు వైపు చూశాను, తడి మరక వైపు. మరక మసకగా ఉంది.

"గట్టిగా రుద్దుతున్నావు," అన్నాను. "మీ అక్క ఇంత గట్టిగా రుద్దేది కాదు."

"ఇంతే గట్టిగా రుద్దేది బావా. నువ్వు అప్పుడు కూడా ఇలాగే అనేవాడివి."

అవును. అనేవాణ్ణి.

గేటు దగ్గర వేళ అయిపోయిందని గంట కొట్టడానికి వాచ్‌మన్ లేచాడు, కుర్చీ చప్పుడైంది. కుడి చెయ్యి అయిపోయింది. వాడు దాన్ని తువ్వాలు మీద, కట్టుకి దూరంగా పెట్టాడు. మూత పెట్టలేదు. నా ఎడమ చేతి వైపు చూస్తూ, దాని కింద ఉన్న కట్టు వైపు మాత్రం వేలు కూడా చాపకుండా, కూర్చున్నాడు.

"ఆ చెయ్యి," అన్నాడు.

గంట మోగింది. జనం లేస్తున్నారు. వాడు లేవలేదు.

ఎడమ చెయ్యి తీశాను. కింద కట్టు తెల్లగా, పొడిగా ఉంది.